కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు ఫ్లూ సూది: ఏది, ఎప్పుడు, ఏ చేతికి

తొలకరికి ముందు ఒకసారి, సంక్రాంతి దగ్గర పడుతుంటే ఇంకోసారి, హన్మకొండ నుంచి మంచిర్యాల దాకా అందరూ అడిగేది ఒకటే: “కిడ్నీ మార్పిడి అయింది, టాక్రోలిమస్ వాడుతున్నాం. ఫ్లూ టీకా వేయించుకోవచ్చా? పెట్టిన కిడ్నీకి ఏమన్నా అయితదా?”

వేయించుకోవాలి. ఏటా వేయించుకోవాలి. సూదితో ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. టాక్రోలిమస్ లాంటి మందుల వల్ల ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంత తగ్గినా ఆ సూదితో ఫ్లూ పట్టుకోదు. టీకా వల్ల రిజెక్షన్ (పెట్టిన అవయవాన్ని శరీరం తిప్పికొట్టడం) వస్తుందనే భయానికి ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో ఆధారం దొరకలేదు. అసలు ఫ్లూ తగిలితే మాత్రం న్యుమోనియా దాకా, ఐసీయూ దాకా పోయే ప్రమాదం మామూలువాళ్ల కంటే మీకు ఎక్కువ.

తేడా వచ్చేది చాలావరకు సూదికి ముందు, సూది తర్వాత. తప్పు రకం కొనడం, ఎండకు వేడెక్కిన డబ్బా, ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి సూది, ఒళ్లు నొప్పులకు ఊళ్లో వేయించుకునే పెయిన్ కిల్లర్ ఇంజెక్షన్. కింద రాసిందంతా ఈ తప్పులు జరగకుండా చూసుకోవడానికే. లివర్, గుండె, ఊపిరితిత్తుల మార్పిడి అయినవాళ్లకూ ఇదే పద్ధతి. ఎముక మజ్జ మార్పిడి వాళ్ల లెక్క కొంచెం వేరు, అది మొదటి అంచెలోనే చెప్పాం.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- డిశ్చార్జ్ సమ్మరీ. ఆపరేషన్ తేదీ, రోగనిరోధక శక్తిని గట్టిగా అణచే ఏటీజీ గానీ రిటుక్సిమాబ్ గానీ ఇచ్చారా, ఇస్తే ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది.
- ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, డోసులతో సహా. రక్తం పలచన చేసే మందులుంటే వాటి కింద గీత గీసి పెట్టుకోండి.
- చివరిసారి చేయించిన సీబీపీ (రక్తకణాల పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) రిపోర్టులు.
- ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఫోన్ నంబరు.
- ఇంట్లో పనిచేసే థర్మామీటర్. చేత్తో నుదురు పట్టి చూసే లెక్క మీకు పనికిరాదు.
- టీకాల కోసం ఒక చిన్న నోటుబుక్కు.
- టీకా బయట కొనాల్సి వస్తే ఐస్ ప్యాక్, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా.

ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు. మామూలుగా డబ్బు పెట్టి కొనాల్సిందే, ధర వెయ్యి రూపాయలు దాటుతుంది. ఇంట్లో వాళ్లందరికీ కలిపి లెక్క వేసుకుని ముందే పక్కన పెట్టుకోండి.

1. మీ తేదీ లెక్క చూసుకోండి

మార్పిడి అయిన కొత్తలో మందుల డోసు ఎక్కువగా ఉంటుంది, టీకాకు శరీరం సరిగా స్పందించదు. అందుకే సాధారణంగా 3 నుంచి 6 నెలలు ఆగమంటారు. చుట్టుపక్కల ఫ్లూ గట్టిగా తిరుగుతుంటే మాత్రం నెల దాటాక వేయవచ్చు. కొంచెం తక్కువ పనిచేసినా అసలు లేనిదానికంటే నయం.

ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లు ఇప్పుడే వేయించుకోండి. ఆపరేషన్‌కు కనీసం 2 వారాల ముందు పడితే మంచిది. డయాలసిస్ మీద ఉన్నప్పుడు వేసిన టీకా, ఆపరేషన్ అయ్యాక వేసినదానికంటే బాగా పట్టే అవకాశం ఉంది. ఇంట్లోవాళ్లే కిడ్నీ ఇస్తున్నట్టయితే ఇచ్చేవాళ్లు కూడా వేయించుకోవచ్చు.

రిటుక్సిమాబ్ తీసుకుని 6 నెలలు కాకపోతే స్పందన బాగా తగ్గుతుంది. రిజెక్షన్‌కు చికిత్స నడుస్తున్నా, ఈమధ్యే ఏటీజీ పడినా అంతే. ఇలాంటప్పుడు ఆగాలా, వేసేయాలా అన్నది సీజన్‌ను బట్టి మీ డాక్టర్ తేల్చాలి. మందుల షాపు కౌంటర్ దగ్గర తేలే విషయం కాదిది.

ఎముక మజ్జ మార్పిడి వాళ్లకు మామూలుగా 6 నెలలు దాటాక. ఫ్లూ ఉధృతంగా ఉంటే 4 నెలలకే మొదలుపెట్టి, నెల తర్వాత రెండో డోసు ఇస్తారు.

ఇక సీజన్ సంగతి. మన దగ్గర ఫ్లూ ఏడాదిలో రెండుసార్లు తల ఎత్తుతుంది: వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి. 2015లో తెలంగాణను వణికించిన స్వైన్ ఫ్లూ ఆ చలికాలం అలే. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో వేయించుకుంటే వానాకాలానికి సిద్ధంగా ఉంటారు. అది తప్పిపోతే సెప్టెంబర్, అక్టోబర్‌లో వేయించుకోండి. రెండూ తప్పిపోతే “వచ్చే ఏడాది చూద్దాం” అనుకోకుండా గుర్తొచ్చిన వారంలోనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. మంచి ముహూర్తం కోసం చూస్తూ సీజన్ దాటబెట్టుకోవడమే పెద్ద నష్టం.

2. ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు ఫోన్ చేసి ఈ నాలుగే అడగండి

చాలామందికి ఆపరేషన్ పట్నంలోనే, అంటే హైదరాబాద్‌లోనే అయి ఉంటుంది. దీనికోసం కాజీపేటలో రైలెక్కి పోనక్కర్లేదు, ఫోన్ మీద తేలుతుంది. “టీకా వేయించుకోవచ్చా” అని ఊరికే అడిగితే “ఆఁ, వేయించుకోండి” అని పెట్టేస్తారు. ఇలా అడగండి:

“నా ఆపరేషన్ ఫలానా తేదీన అయింది, ఇప్పుడు ఇనాక్టివేటెడ్ (బతికున్న వైరస్ లేని) ఫ్లూ టీకా వేయించుకోవచ్చా?”
“మొదటిసారి వేయించుకుంటున్నా. నెల తర్వాత రెండో డోసు అవసరమా?”
“రక్తం పలచన చేసే మందు వాడుతున్నా. ఏమన్నా జాగ్రత్త ఉందా?”
“న్యుమోనియా టీకా కూడా అదే రోజు వేయించుకోవచ్చా?”

చివరిదానికి జవాబు సాధారణంగా అవుననే వస్తుంది, రెండూ వేర్వేరు చోట్ల వేస్తారు. గతంలో ఏదైనా టీకాకు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం లాంటివి వచ్చి ఉంటే, లేదా ఫ్లూ టీకా తీసుకున్న 6 వారాల్లోపు గులియన్ బారీ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే) జబ్బు వచ్చి ఉంటే ముందే చెప్పాలి. కోడిగుడ్డు పడకపోవడం ఇప్పుడు అడ్డంకి కాదు.

రోగనిరోధక శక్తి తగ్గించే మందులను టీకా కోసం ఒక్క పూట కూడా మానకండి. “మందు ఆపితే టీకా బాగా పడుతుందట” అన్న మాట ఒకటి తిరుగుతుంటుంది. ఆ మందుల్లో ఒకటైన మైకోఫెనోలేట్ డోసు ఎక్కువగా ఉన్నవాళ్లలో టీకా స్పందన తగ్గడం నిజమే. దానికి మందు ఆపితే టీకా తేని రిజెక్షన్ ఆ ఆపడం వల్ల వస్తుంది.

3. డబ్బా చదవండి

కొనే ముందు డబ్బా చేతిలోకి తీసుకుని నాలుగు సంగతులు చూడండి.

మొదటిది రకం. సూదితో వేసేదే కావాలి. ముక్కులో కొట్టే టీకాలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. నాసోవాక్ ఆ రకం. మార్పిడి అయినవాళ్లకు అది అస్సలు వద్దు. ఫ్లూక్వాడ్రి, ఇన్‌ఫ్లూవాక్ టెట్రా, ఫ్లూఅరిక్స్ టెట్రా, వ్యాక్సీఫ్లూ-4 లాంటివి సూది రకాలు. వీటిలో ఫలానాదే కావాలని పట్టుబట్టక్కర్లేదు.

రెండోది పేరు. డబ్బా మీద “హెమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి” అని ఉంటే అది ఫ్లూ టీకా కాదు. పసిపిల్లలకు వేసే, బ్యాక్టీరియా మీద పనిచేసే వేరే టీకా. పేరులో పోలిక ఉండటంతో షాపులో పొరపాటు పడే వీలుంది. అలాగే “స్వైన్ ఫ్లూ టీకా వేరేగా ఇవ్వండి” అని అడగనక్కర్లేదు, స్వైన్ ఫ్లూ వైరస్ అయిన హెచ్1ఎన్1 ఇందులోనే ఉంటుంది.

మూడోది సీజన్. వైరస్ మారుతుంటుంది కాబట్టి టీకా ఫార్ములాను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు ప్రకటిస్తుంది, ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధ గోళానికి. డబ్బా మీద సాధారణంగా ఒకే సంవత్సరం ఉంటే దక్షిణార్ధ గోళం ఫార్ములా, రెండు సంవత్సరాలు కలిపి రాస్తే ఉత్తరార్ధ గోళం ఫార్ములా. మీరు కొనే రోజుకు వచ్చినవాటిలో కొత్తది తీసుకోండి. ఎక్స్‌పైరీ ఇంకా ఉంది కదా అని పోయిన సీజన్‌ది ఇస్తే వద్దనండి.

నాలుగోది పరిమాణం. పెద్దవాళ్ల డోసు 0.5 మి.లీ. 0.25 మి.లీ. అని ఉంటే అది చిన్నపిల్లల కోసం చేసింది.

మూడు రకాల వైరస్‌లున్నదా, నాలుగున్నదా అని తల బద్దలు కొట్టుకోకండి. నాలుగోదైన బి-యమగాటా 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనబడలేదు, అందుకే మళ్లీ మూడు రకాలకే వస్తున్నారు. హై-డోస్ (మోతాదు ఎక్కువున్న) టీకా గురించి చదివి అడిగేవాళ్లూ ఉన్నారు. మార్పిడి అయినవాళ్లలో దానికి యాంటీబాడీలు మెరుగ్గా వచ్చిన మాట నిజం. దొరికితే డాక్టర్ని అడగండి. దాని కోసం కాచుకుని మాత్రం కూర్చోవద్దు.

4. చల్లదనం తప్పనివ్వకండి

టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. మేలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, బండి డిక్కీలో పెట్టి తెచ్చిన టీకా మీద నమ్మకం పెట్టుకోలేం.

అన్నిటికంటే మంచి దారి: ఎక్కడ నిల్వ ఉందో అక్కడే వేయించుకోవడం. పిల్లల డాక్టర్ల దగ్గర, పెద్ద ఆసుపత్రుల్లో టీకాల ఫ్రిజ్ వేరుగా ఉంటుంది. ఊళ్లో వేయించుకునే పనైతే ముందే ఫోన్ చేసి సూది వేసేవాళ్లు ఉన్నారని తెలుసుకుని, ఆ తర్వాతే కొనండి. ఐస్ ప్యాక్‌ను బట్టలోనో పేపర్లోనో చుట్టి, టీకాకు నేరుగా తగలకుండా పెట్టండి. గడ్డకట్టినా టీకా చెడిపోతుంది. ఇది ఎండకంటే మోసం, ఎందుకంటే కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తుంది.

ఇంట్లో ఒక రాత్రి ఉంచాల్సి వస్తే ఫ్రిజ్ నడి అరలో పెట్టండి. డోర్‌లో వద్దు, ఫ్రీజర్ కింద ఆనించి వద్దు. కరెంటు గంటల తరబడి పోయిందంటే ఆ టీకా సంగతి కొన్నచోట అడిగి తేల్చుకోండి, ఊహించి వేయించుకోకండి.

5. సూది రోజు

ఉదయం మందులు రోజూ వేసుకునే టైముకే వేసుకోండి. అదే రోజు టాక్రోలిమస్ లెవల్ చూపించుకునేది ఉంటే రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి. ఆ పద్ధతి మీకు తెలిసిందే, టీకా ఉందని మార్చనక్కర్లేదు. తిని వెళ్లండి. జ్వరం ఉంటే వాయిదా వేసుకుని, ఆ జ్వరం ఎందుకో ముందు చూపించుకోండి. ముక్కు కాస్త కారడం, చిన్న సర్ది అడ్డం కావు.

కూర్చోగానే నర్సుకు చెప్పాల్సింది ఇది: “ఈ చేతికి ఫిస్టులా ఉంది, ఇటు వద్దు.” డయాలసిస్ ఆగి ఏళ్లయినా, ఫిస్టులా ఇప్పుడు పనిచేయకపోయినా ఆ చేతికి సూది గానీ బీపీ పట్టీ గానీ వేయించుకోవద్దు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని పోతే నర్సుకు అది కనబడదు, మీరు చెప్పకపోతే దగ్గరున్న చేయే పట్టుకుంటారు. పొట్టి చేతుల చొక్కా, లేదా వదులుగా పైకి జరిగే జాకెట్టు వేసుకోండి.

సూది జబ్బ కండకే. భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ల కింద, కండ మందంగా ఉన్నచోట, నిటారుగా. మరీ పైన గుచ్చితే భుజం కీలు నొప్పి వారాల తరబడి వేధిస్తుంది. నడుముకు వేస్తామంటే ఒప్పుకోకండి. అక్కడ కొవ్వు మందం, టీకా కండలోకి చేరకపోవచ్చు. సిరంజిని ముందు బాగా కదిలించాలి. అందులో రంగు మారినా, ముక్కలు తేలినా వేయించుకోవద్దు.

రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లకు సన్న సూది వాడమనండి. తీశాక దూదితో కనీసం 2 నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, రుద్దకండి. తర్వాత 15 నిమిషాలు అక్కడే కూర్చోండి. గతంలో ఎలర్జీ ఉన్నవాళ్లు అరగంట.

లేచే ముందు నోటుబుక్కులో రాసుకోండి: తేదీ, టీకా పేరు, సీజన్, బ్యాచ్ నంబరు, ఏ చేయి, ఎక్కడ వేశారు. డబ్బాను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇది ఎవరూ చేయరు, తర్వాత టీమ్ అడిగినప్పుడు “ఏదో వేశారు సార్” అనడం తప్ప ఏమీ ఉండదు.

6. తర్వాతి రెండు రోజులు

సూది పడ్డచోట నొప్పి, కొంచెం వాపు, ఒళ్లు నొప్పులు, అలసట, సన్నపాటి జ్వరం రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. చల్లటి తడిబట్ట వేసుకోండి, చేయి కదిలిస్తుండండి. అవసరమైతే పారాసెటమాల్ 500 మి.గ్రా. ఒకటి, తగ్గకపోతే 6 గంటల తర్వాత ఇంకొకటి. లివర్ మార్పిడి అయినవాళ్లు దీనికి కూడా ముందే డాక్టర్ని అడిగి పెట్టుకోవాలి.

ఇక్కడే అసలు ప్రమాదం. చేయి నొప్పిగా ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే డైక్లోఫెనాక్ సూది వేస్తారు. షాపులో అడిగితే ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ కలిసిన మాత్ర చేతిలో పెడతారు. టాక్రోలిమస్ గానీ సైక్లోస్పోరిన్ గానీ వాడే ఒంట్లో ఈ నొప్పి మందులు పడితే కిడ్నీకి రక్తం అందడం తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి ఇంట్లోవాళ్లు “టీకా వేయించుకున్నాకే ఇట్లయింది” అంటారు, మరుసటి ఏడాది సూది మానేస్తారు.

టీకాకు శక్తి తోడవుతుందని తిప్పతీగ కషాయం కాచి ఇచ్చేవాళ్లూ ఉంటారు. మీరు అణచిపెట్టుకున్న రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మూలికలు మీకు వద్దు. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి.

టీమ్‌కు ఫోన్ చేయాల్సిన సందర్భాలు: జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, మూత్రం తగ్గితే, కిడ్నీ పెట్టినచోట నొప్పి గానీ వాపు గానీ ఉంటే, దగ్గో ఆయాసమో మొదలైతే. దగ్గు, ఆయాసం మామూలుగా టీకా వల్ల వచ్చేవి కావు. అవి కనబడ్డాయంటే వేరే జబ్బేదో లోపల ఉండొచ్చు. ముఖం ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఫోన్లు పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి, వరంగల్‌లో ఉంటే ఎంజీఎంకో దగ్గర్లోని ఆసుపత్రికో పోవాలి.

7. ఇంటిల్లిపాదికీ వేయించండి

మీ శరీరంలో టీకా మామూలువాళ్లలో పనిచేసినంత పనిచేయదు. ఆ లోటు పూడ్చేది మీ పక్కన పడుకునేవాళ్లు, మీకు అన్నం పెట్టేవాళ్లు, బడి నుంచి సర్ది మోసుకొచ్చే పిల్లలు. 6 నెలలు దాటిన ప్రతి ఒక్కరికీ వేయించవచ్చు. 9 ఏళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే నెల తేడాతో రెండు డోసులు. వాళ్లకు కూడా ముక్కు టీకా కాకుండా సూదినే అడగండి, ఇంట్లో గందరగోళం ఉండదు.

అందరికీ డబ్బు సరిపోకపోతే మా వరుస ఇది: ముందు మీకు, తర్వాత మీతో ఒకే గదిలో ఉండేవాళ్లకు, ఆ తర్వాత బడికి పోయే పిల్లలకు.

8. పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి

యాంటీబాడీ పరీక్ష చేయించుకోకండి. ల్యాబ్ వాళ్లు చేస్తామన్నా, ఆ అంకెను బట్టి మీ డాక్టర్ మార్చేదేమీ మామూలుగా ఉండదు. రక్షణ ఏర్పడటానికి కనీసం 2 వారాలు పడుతుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో, సరిగ్గా చలికాలపు ఫ్లూ రోజుల్లోనే వస్తుంది. పోవాలని డాక్టర్ ఒప్పుకున్నా, బస్సెక్కే ముందురోజు వేయించుకున్న టీకా జాతరలో అక్కరకు రాదు. నెల ముందే కానివ్వండి. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలకూ ఇదే లెక్క. టీకా పడింది కదా అని గుంపులో మాస్కు తీసేయకండి.

మీరు చూసుకోవాల్సినవి రెండే. నోటుబుక్కులో వివరాలు పూర్తిగా ఉన్నాయా? తర్వాతి ఫాలోఅప్‌లో క్రియాటినిన్, టాక్రోలిమస్ లెవల్ ఎప్పటిలాగే ఉన్నాయా? తేడా ఉంటే ఆ మధ్యలో ఏ మందు కొత్తగా పడిందో ముందు వెతకండి.

టీకా వేసుకున్నా ఫ్లూ లక్షణాలు వస్తే

స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసోలోన్ వాడేవాళ్లలో జ్వరం పైకి కనబడకపోవచ్చు. ఉట్టి దగ్గు, నీరసం, ఆకలి చచ్చిపోవడం కూడా ఫ్లూ కావచ్చు. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయొచ్చిన ఇళ్లలో “ఘాటుకు వచ్చిన దగ్గే” అని వారం గడిపేస్తారు, ఆ సీజనూ ఫ్లూ సీజనూ ఒకటేనని మరిచిపోతారు. దగ్గు మొదలైన రోజే టీమ్‌కు చెప్పండి.

గొంతు, ముక్కు నుంచి నమూనా తీసి పరీక్షిస్తారు. ఫ్లూ వైరస్ మందు ఒసెల్టామివిర్ 48 గంటల్లోపు మొదలైతే ఎక్కువ మేలు. అయితే మార్పిడి అయినవాళ్లకు ఆలస్యమైనా ఇస్తారు, రిపోర్టు కోసం ఆగకుండానే మొదలుపెడతారు. పెద్దవాళ్ల మామూలు డోసు 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 5 రోజులు. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ ఎంత వడకడుతుందో చెప్పే లెక్క) 60కి తగ్గితే డోసు తగ్గించాలి. మీలో చాలామంది ఆ కోవలోకే వస్తారు కాబట్టి పక్కింటివాళ్ల చీటీ చూసి వాడకండి. దగ్గుకు ఇంకెవరైనా యాంటీబయాటిక్ రాస్తే అందులో క్లారిత్రోమైసిన్ ఉందేమో చూడండి. అది టాక్రోలిమస్ లెవల్‌ను అమాంతం పెంచుతుంది. ఏ కొత్త డాక్టర్ దగ్గరికి పోయినా, కూర్చోగానే మందుల చీటీ బల్ల మీద పెట్టి “మార్పిడి అయింది సార్” అన్నాకే దగ్గు సంగతి చెప్పండి.